కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈవెంట్ల పని: మీరంతా ఎలా తట్టుకుంటున్నారు?

బెజవాడ_పందిరి
3 డిసెంబరు 2024, రాత్రి 1:50

ఈ పనిలో ఉన్నవాళ్లే జవాబు చెప్పండి, ప్లీజ్. బయటివాళ్లతో అంటే "పెళ్లిళ్లలో తిరగడమేగా, పైగా భోజనం ఫ్రీ" అంటున్నారు. విని విని విసుగొచ్చింది.

మాది విజయవాడ. చిన్న ఈవెంట్ ఆఫీసు. డెకరేషన్ మేమే చేస్తాం. క్యాటరింగ్, ఫొటోలు, మేళం, డీజే బయటివాళ్లు, కానీ మాట్లాడిపెట్టేది మేమే కాబట్టి ఎవరు ఆలస్యమైనా తిట్లు మాకే. జీతం మీద ఉన్నది నలుగురు. సీజన్‌లో డిగ్రీ చదివే కుర్రాళ్లు వస్తారు.

ఈ ఏడాది మొదటి నుంచీ లెక్క తప్పింది. ఏప్రిల్ నెలాఖరులో మూఢం మొదలైంది. మే, జూన్ అంటే మాకు పంట చేతికొచ్చే నెలలు, ఒక్క లగ్నం లేదు. వెనకాలే ఆషాఢం. శ్రావణంలో నాలుగు డబ్బులు కళ్లజూశాం అనుకునేసరికి సెప్టెంబరు 1న బుడమేరు వరద మీద పడింది. మా గోడౌన్ సింగ్‌నగర్‌లో. నీళ్లు తగ్గాక షట్టర్ ఎత్తితే ఫైబర్ స్తంభాలు, ఇనప ఫ్రేములు కడిగితే పనికొచ్చేలా ఉన్నాయి. మెరూన్ వెల్వెట్ తెరలు మాత్రం బురద పీల్చి, ఒక్కో తెరను ఇద్దరు పట్టుకుంటే గానీ కదల్లేదు. పిండితే నల్లటి నీళ్లు, ఎన్ని సార్లు ఉతికినా అదే వాసన. సోఫాల స్పాంజి, కార్పెట్లు, జనరేటర్ పోయాయి. అందుకని కార్తీకానికి వచ్చిన ఆర్డరల్లా పట్టుకున్నాం. ఏదీ వద్దనలేదు.

ఇప్పుడు దాని ఫలం అనుభవిస్తున్నాను. 16న ధనుర్మాసం వస్తోందని ఈలోగా పెళ్లి చేసేయాలని అందరి హడావిడి. ధనుర్మాసంలో ఊపిరి పీల్చుకోవచ్చా అంటే అదీ లేదు. అమెరికా వాళ్లు క్రిస్మస్ సెలవులకు దిగుతారు, వాళ్లు ఉన్న రెండు వారాల్లోనే ఓణీల ఫంక్షన్, తాతగారి సహస్ర చంద్ర దర్శనం, అక్కడ పెళ్లి చేసుకొచ్చినవాళ్లకు ఇక్కడ రిసెప్షన్. కంపెనీల ఇయర్ ఎండ్ పార్టీలు. అపార్ట్‌మెంట్ వాళ్ల క్రిస్మస్. 31 రాత్రి. ఆ తర్వాత సంక్రాంతికి ముగ్గుల పోటీలు, భోగిమంటల దగ్గర స్టేజీలు. జనవరి 30న మాఘం మొదలైతే మళ్లీ పెళ్లిళ్లు.

మొన్న ఒక పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. పెళ్లికూతురి మేనత్తగారు రాత్రి ఒంటి గంటకు ఫొటో పంపారు. ఎవరిదో ఉదయ్‌పూర్ పెళ్లట, బ్యాక్‌డ్రాప్ అంతా పంపాస్ గడ్డి. "రేపు సాయంత్రం రిసెప్షన్‌కి ఇలా పెట్టేయమ్మా, మీకెంతసేపు." అదే నిమిషంలో మగపెళ్లివారు విడిదికి కాఫీలు రాలేదని కబురు. మైకులో ఎవరిదో ఇన్నోవా అడ్డుగా ఉంది తీయమని కేకలు. మా కుర్రాడొకడు వచ్చి ఏదో అడుగుతున్నాడు. వాడి పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపిస్తోంది, బుర్రకెక్కట్లేదు. వాడు మూడోసారి అడిగాక అర్థమైంది, సన్నాయి వాళ్లకు భోజనం పెట్టమంటారా అని.

ఇంటికొచ్చి పడుకుంటే ఫోన్ మోగకపోయినా మోగినట్టే ఉంటోంది. మా అమ్మ "బ్యాంకు కోచింగ్ మానేసి ఈ పందిళ్లు వేసుకుంటానన్నావు, అనుభవించు" అంటుంది, పక్కనే అన్నం కలిపి పెడుతుంది.

నాకు ధైర్యవచనాలు వద్దు. మీరు ఏం చేస్తారో అది చెప్పండి. ఎప్పుడు నిద్రపోతారు? రాత్రిళ్లు ఫోన్ ఎవరెత్తుతారు? కుర్రాళ్లు మధ్యలో మానేయకుండా ఎలా చూసుకుంటారు? ఇంటి ముందుకొచ్చిన ఆర్డర్‌ను కాదనే ధైర్యం మీకెక్కడిది?

---

ఉదయరాగం
3 డిసెంబరు, ఉదయం 6:10

ఒత్తిడి అనేది మన మనసులోనే ఉంటుంది మేడమ్. రోజూ తెల్లవారుజామున 5 గంటలకు లేచి ప్రాణాయామం చేయండి, ఫోన్ దూరంగా పెట్టండి, చిరునవ్వుతో ఉండండి. అంతా సర్దుకుంటుంది.

---

బెజవాడ_పందిరి
3 డిసెంబరు, ఉదయం 11:30

5 గంటలకు మేం పందిరి విప్పుతుంటామండీ.

---

మియాపూర్_ప్లానర్
3 డిసెంబరు, మధ్యాహ్నం 3:15

పైన ఆయన మీద కోపం పెట్టుకోకు అమ్మాయ్. ఆయన పెళ్లికి అతిథిగా వెళ్లే మనిషి.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఆర్డర్ కాదనే సంగతి తర్వాత చెబుతా, ముందు ఫోన్ గురించి. నిన్ను పడగొట్టేది పని కాదు, ఆ ఫోనే.

పెళ్లివారింట్లో నాతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. పెళ్లికూతురి బాబాయో, అన్నయ్యో ఎవరైనా సరే. అడ్వాన్స్ తీసుకున్న రోజే వాట్సాప్ గ్రూపు పెడతాను, అందులో మొదటి మెసేజ్ ఇదే: మార్పులు ఏమున్నా ఫలానా వారి ద్వారానే చెప్పండి. పెళ్లికి పది రోజుల ముందు డిజైన్ ఖాయం చేసి ఫొటోతో సహా ఆ గ్రూపులో పెట్టేస్తాను. ఆ తర్వాత ఎవరేం అడిగినా కుదరదని చెప్పను. ధర చెబుతాను. మీ మేనత్తగారికి నేనైతే ఇలా రాసేదాన్ని: "తప్పకుండా పెట్టిద్దామండీ, చాలా బాగుంది. అదనంగా 38 వేలు అవుతుంది, అన్నయ్యగారితో ఒక్క మాట చెప్పించండి, మొదలుపెట్టేస్తాం." ఆ ఫొటో మళ్లీ జన్మలో కనపడదు. మనం చెడ్డవాళ్లమూ కాము.

ఈవెంట్ జరిగేటప్పుడు ఆఫీసు ఫోన్ నా దగ్గర ఉండదు. జూనియర్ దగ్గర ఉంటుంది. నన్ను పిలవాల్సినవి మూడే: మనిషికి దెబ్బ తగలడం, కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోవడం, ముహూర్తం టైముకు అడ్డం వచ్చేది ఏదైనా. విడిదికి కాఫీలు, సన్నాయి వాళ్ల భోజనం, అడ్డంగా పెట్టిన ఇన్నోవా నా దాకా రాకూడదు. ఇది నోటితో చెబితే సరిపోదమ్మా. "మీరే చూసుకోండి" అని డబ్బు మన దగ్గర పెట్టుకుంటే వాళ్లు ప్రతి దానికీ మన దగ్గరికే వస్తారు. అందుకే ప్రతి ఈవెంట్‌కీ జూనియర్ చేతిలో ఐదు వేలు పెడతాను. కాఫీలు తక్కువైతే పక్క హోటల్లో తెప్పించేస్తారు, నాకు మర్నాడు చీటీ చూపిస్తారు. చీటీ లేకపోయినా రాద్ధాంతం చేయను. మొదట్లో దుబారా చేస్తారేమో అనిపించింది, చేయలేదు. చాలా పెళ్లిళ్లలో సగం డబ్బు తిరిగొస్తుంది.

నిద్ర. డెకరేషన్ కుర్రాళ్లు పూలు కడుతుంటే అక్కడ నిలబడి మనం ఏం పొడుస్తాం చెప్పు? మా దగ్గర కట్టేది బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. నాకంటే వాళ్లకే బాగా తెలుసు. రాత్రి ముహూర్తం ఉంటే మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటాను, నాలుగున్నరకు లేచి ఒకసారి అంతా చూస్తాను. దానికోసం కాంట్రాక్టులోనే రాసుకుంటాను: ఆడపెళ్లివారి గదులు, మగపెళ్లివారి గదులు కాక మాకు విడిగా ఒక గది, తాళం మా దగ్గర. హాల్లో లేదంటే పక్క లాడ్జిలో నా ఖర్చుతో తీసుకుంటాను. రిసెప్షన్ చూసుకునే మనిషి, ముహూర్తం చూసుకునే మనిషి ఒకరే అయితే తెల్లవారేసరికి ఆ మనిషి దేనికీ పనికిరాదు. నీ దగ్గర నలుగురే ఉన్నా ఇద్దరిద్దరుగా విడగొట్టు.

టెన్షన్ సగం ముహూర్తం దగ్గరే పుడుతుంది. పంతులుగారికి ముందు రోజు నువ్వే ఫోన్ చెయ్యి. జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం ఏదో కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకో: పెళ్లికూతురిని బుట్టలో తీసుకొచ్చేది ఎప్పుడు, గౌరీపూజ ఎప్పుడు ముగియాలి, మేకప్ అమ్మాయి ఎప్పుడు చేతులు దులుపుకోవాలి. మేకప్ వాళ్లకు మాత్రం అరగంట ముందు టైము చెప్పు, నిజం టైము చెప్పకు. ఒక పెట్టె ఎప్పుడూ వ్యాన్లో ఉండాలి. జీలకర్ర, బెల్లం, తమలపాకులు, పోకచెక్కలు, కొబ్బరిబోండాం, అడ్డుతెర, పసుపుతాడు, పిన్నీసులు, అగ్గిపెట్టె, ఓఆర్‌ఎస్. లక్షల చీరలు కొన్నవాళ్లు కూడా అడ్డుతెర ఇంట్లో మర్చిపోయి వస్తారు. పీటల మీద కూర్చున్నాక గుర్తొస్తుంది, అప్పుడు అందరూ మన మొహమే చూస్తారు.

డబ్బు విషయం. బుకింగ్‌కు సగం, పది రోజుల ముందు డిజైన్ ఖాయం చేసినప్పుడు నలభై శాతం, మిగతా పది శాతం పెళ్లిరోజు పొద్దున, పెళ్లికొడుకును చేసే లోపు. అప్పగింతలయ్యాక ఏడుస్తున్న తండ్రి దగ్గరికి బిల్లు పట్టుకెళ్లగలిగే గుండె నాకు లేదు. తర్వాత వారం రోజులు ఫోన్లు చేసి అడుక్కోవడం పెళ్లి చేయడం కంటే పెద్ద చాకిరీ.

ఇక ఆర్డర్ కాదనడం. ఒక ముహూర్తానికి ఒక్క పెళ్లే చేస్తాను. రెండోది వస్తే "ఆ తేదీ నిండిపోయిందండీ, ఫలానా వాళ్లు బాగా చేస్తారు" అని తెలిసిన ప్లానర్ నంబరు ఇస్తాను. వాళ్లు నాకు కమీషన్ ఇస్తారు, వాళ్లకు ఎక్కువైనప్పుడు నాకు పంపుతారు. ఇంతకు మించి ఇందులో ధైర్యం ఏమీ లేదు.

---

కడియం_పూలబాబాయ్
3 డిసెంబరు, రాత్రి 9:40

మియాపూర్ అమ్మగారు చెప్పినవన్నీ బాగున్నాయి, ఆఖరిది తప్ప. ఒక ముహూర్తానికి ఒకే పెళ్లి అనేది హైదరాబాదులో చెల్లుతుంది. రాజమండ్రి, బెజవాడ లాంటి చోట ఒక ఇంటివాళ్లను కాదంటే ఆ ఇంటితో పోదు. వాళ్ల వియ్యంకులు, తోడల్లుళ్లు, ఆ వీధి వీధంతా పోతుంది. పైగా ఈ అమ్మాయికి వేసవి పోయింది, గోడౌన్ పోయింది. కాదనమని చెప్పడం మనకు తేలికే.

మాది కడియపులంక. పూల వ్యాపారం, దాంతోపాటు మండపాల డెకరేషన్. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అందరూ రాశిఫలాలు చూస్తారు, నేను ఖాళీ నెలలు చూస్తాను. మూఢం ఎప్పుడు, ఆషాఢం ఎప్పుడు, అధికమాసం ఉందా, భాద్రపదం, పుష్యం. ఎర్ర పెన్నుతో గీతలు పెడతాను. ఆ నెలల్లో నా మనుషుల జీతాలు ఎంతో లెక్కగట్టి, పెళ్లిళ్లున్న నెలల్లో వచ్చిన డబ్బులోంచి ముందుగా అది తీసి వేరే ఖాతాలో వేస్తాను. ఆ తర్వాతే నా ఇంటి ఖర్చు. 2020లో యాభై మందితో పెళ్లిళ్లు చేసుకోమన్నప్పుడు పూలు కొనే నాథుడు లేడు, కోసినవి కోసినట్టు పశువులకు వేశాం. ఆ ఖాతా లేకపోతే అప్పుడే దుకాణం మూసేవాణ్ణి. కాదనే ధైర్యం ఎక్కడిదని అడిగావు కదమ్మా, అది పాసుబుక్కులోంచే వస్తుంది. ఆషాఢానికి డబ్బు సిద్ధంగా ఉన్నవాడు కార్తీకంలో తాపీగా మాట్లాడతాడు. లేనివాడు ఏ రేటుకైనా తల ఊపుతాడు. ఈ ఏడాది నీకు ఆ వీలు లేదు. అందుకని ఒప్పుకున్నవి చెయ్యి, కానీ అన్నీ ఒకే తీరున చెయ్యకు.

రెండో పెళ్లి ఉన్న రోజున ఆ రెండోవాళ్లకు నీ దగ్గరున్న నాలుగు రకాల మండపాలు చూపించి అందులో ఒకటి ఎంచుకోమను. కొత్త డిజైన్ లేదు, రేటు తగ్గించు. వాళ్లూ సంతోషిస్తారు, నీకూ బుర్ర వేడెక్కదు.

పూల విషయంలో కాలానికి ఎదురెళ్లకు. మార్గశిరంలో మల్లెలు అడిగితే రేటు వింటేనే కళ్లు తిరుగుతాయి, చలికి మొగ్గ రాదు. ఇప్పుడు చామంతి కాలం. పసుపు, తెలుపు రెండూ దండిగా ఉన్నాయి, బంతి సరేసరి. తెల్లదనం కావాలంటే లిల్లీ, జడలకు కాగడా పూలు. ఆర్కిడ్లు బెంగళూరు నుంచి రావాలి, అవి పెళ్లికొడుకు పెళ్లికూతురు కూర్చునే చోట మాత్రం పెట్టి మిగతాదంతా చామంతితో నింపు. ఫొటోలో తేడా తెలీదు.

ఇంకోటి, చామంతి గోనెలు దిగగానే మీ కుర్రాళ్లు అలాగే మూలన పడేసి టీకి పోతారు. గోనెలో చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా తగులుతుంది. రెండు మూడు గంటలు అలాగే ఉంచితే నడిమధ్య పూలు కమిలిపోయి నీళ్లు కారతాయి. దిగగానే మూతి విప్పి, నీడలో తడిగోనె మీద పల్చగా పరవాలి. రాత్రి పదకొండింటికి "పూలు చాల్లేదు బాబాయ్" అని నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం పూలు చాలక వచ్చినవి కావు, గోనెలో ఉడికిపోయి వచ్చినవి.

ఓపెన్ గ్రౌండ్ అయితే మంచు. పూలకు మంచు మంచిదే, నీ తెరలకే ప్రమాదం. పన్నెండు దాటితే గుడ్డ బరువెక్కి సాగిపోతుంది, కార్పెట్ చెమ్మగిల్లుతుంది. ఎల్‌ఈడీ వాల్ మీద, మిక్సర్ మీద టార్పాలిన్ కప్పే మనిషిని ముందే పేరు పెట్టి చెప్పు. ఎవరో ఒకరు కప్పుతారులే అంటే ఎవరూ కప్పరు.

కుర్రాళ్ల డబ్బు ఎప్పటిది అప్పుడే ఇచ్చేయి. పెళ్లివాళ్లు నీకిచ్చినా ఇవ్వకపోయినా సరే. పొద్దున విప్పడం అయ్యాక చేతిలో డబ్బు పడితే మర్నాటి పెళ్లికి పిలవకుండానే వస్తాడు.

---

గుంటూరు_వంటశాల
4 డిసెంబరు, ఉదయం 10:05

మాది క్యాటరింగ్. పెద్దగా రాసే ఓపిక లేదు, రేపటికి బూరెల పూర్ణం ఉడుకుతోంది. రెండు ముక్కలు చెబుతా.

ఒకటి, ఈవెంట్ వాళ్లు ఆకలితో ఉండి మా మీద అరుస్తారు. ఆఖరి పంక్తిలో మిగిలింది తిందామనుకుంటారు. అప్పటికి పులిహోర, పెరుగు తప్ప ఏమీ ఉండవు. మీ మనుషుల లెక్క ముందే మాకు చెప్పండి. మొదటి పంక్తి లేవకముందే వంటశాల వెనక వాళ్లకు విస్తర్లు వేసేస్తాం. ఎవరూ చూడరు, చూసినా ఎవరూ ఏమీ అనుకోరు. మీరూ అక్కడే కూర్చుని తినండి మేడమ్, నిలబడి ఒక గారె నోట్లో వేసుకోవడం భోజనం కాదు. రాత్రంతా టీలు మానండి, మా దగ్గర అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ డ్రమ్ము ఎప్పుడూ ఉంటుంది. కాళ్లకు హవాయి చెప్పులు కాదు, మంచి బూట్లు వేసుకోండి.

రెండు, ఇదే ముఖ్యం. తెల్లవారుజామున సామాను విప్పి, వ్యాన్లో వేసుకుని, అదే డ్రైవర్‌ను బండి నడపమంటారు. ఆ మనిషి రాత్రంతా స్టేజీ మోసి ఉంటాడు. డిసెంబరులో హైవే మీద మంచు. కాజ టోల్‌గేట్ దగ్గర నాలుగింటికి నిలబడి చూడండి, పెళ్లి సామాను బండ్లే వరసగా, లోపల అందరి తలలూ వాలిపోయి ఉంటాయి. మేం రూలు పెట్టుకున్నాం. బండి నడిపే మనిషి గిన్నె ముట్టుకోడు. రాత్రి పదింటికల్లా బండిలోనే పడుకోవాలి, ఎవరూ లేపకూడదు. దానికి అదనంగా ఒక మనిషి కూలి అవుతుంది, అవనీ. మంచు పడితే ఎండ వచ్చేదాకా బయల్దేరం. గిన్నెలు ఎక్కడికీ పారిపోవు.

---

బెజవాడ_పందిరి
9 డిసెంబరు, మధ్యాహ్నం 12:20

అందరికీ పేరుపేరునా థాంక్స్. వెంటనే రాయలేకపోయాను, మధ్యలో పెళ్లిళ్లు.

మియాపూర్ అక్కా, మేనత్తగారి ఫార్ములా పనిచేసింది. ఈసారి మేనత్త కాదు, పెళ్లికొడుకు అక్కగారు. స్టేజీ మీదకు పొగ వచ్చే మిషన్, దానితోపాటు పై నుంచి పూల వాన కావాలన్నారు. ధర రాసి, మీ నాన్నగారితో చెప్పించండి అన్నాను. "పొగ ఒక్కటి చాల్లే" అని పది నిమిషాల్లో వచ్చింది. పొగ మా దగ్గర ఎలాగూ ఉంది.

రాత్రి ఫోన్ అమ్మకిచ్చాను. జూనియర్‌కి ఇవ్వమన్నారు గానీ, జూనియర్ నాతోపాటే మండపంలో ఉంటోంది. మా అమ్మ ఫోనెత్తి "అమ్మాయి ఇప్పుడే పడుకుందండీ, పొద్దున తొమ్మిదింటికి చెబుతా, మీరు కూడా పడుకోండి, రేపు పెళ్లి పెట్టుకుని" అంటుంది. ఎదుటివాళ్లు కిక్కురుమనరు. ఒకావిడ అమ్మతో అరగంట కబుర్లు చెప్పి, వాళ్ల రెండో అబ్బాయికి సంబంధం చూడమని కూడా అడిగిందట. అమ్మకి ఇప్పుడు ఈ వ్యాపారం మీద గౌరవం కొంచెం పెరిగినట్టుంది, బ్యాంకు కోచింగ్ మాట ఎత్తడం తగ్గించింది.

బాబాయ్ గారూ, గోనెలో చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే కాలుతోంది. ఇన్నాళ్లూ పూలవాడు పాత సరుకు పంపుతున్నాడని అతనితో గొడవ పడుతున్నారు మా కుర్రాళ్లు.

పాసుబుక్కు మాట మాత్రం గుచ్చుకుంది. మాఘం నుంచి మొదలుపెడతాను. ఈ నెల వచ్చేదంతా జనరేటర్‌కి, తెరలకే సరిపోతుంది.

డ్రైవర్ రూలు పెట్టాను, మొదటి రాత్రే తంటా. "అందరూ మోస్తుంటే నేనొక్కణ్ణి పడుకుంటే బాగోదక్కా" అని అతను లేచి వచ్చేశాడు. వ్యాన్ తాళం తీసుకుని నా దగ్గర పెట్టుకుని, పడుకుంటేనే ఇస్తానన్నాను.

ఇంకొక్కటి మిగిలింది. 31 రాత్రి. ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కింద లాన్‌లో డీజే పెట్టి ఒంటి గంట దాకా నడపమంటున్నారు. పర్మిషన్ కూడా "మీరే చూసుకోండి, మీకు అలవాటేగా" అంటున్నారు. డబ్బు బాగానే ఇస్తామంటున్నారు. ఏమంటారు?

---

మియాపూర్_ప్లానర్
9 డిసెంబరు, మధ్యాహ్నం 2:00

పర్మిషన్ వాళ్ల పేరు మీద వాళ్లే తేవాలి. కాగితం నీ చేతికి వచ్చాకే డీజేకి అడ్వాన్స్ ఇవ్వు. ఆరుబయట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఇప్పటికీ అవే. పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినా అర్ధరాత్రి పన్నెండు దాకే, అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. లాన్‌లో ఒంటి గంట అనే మాటే లేదు. మూసి ఉన్న హాలు అయితే సంగతి వేరు, శబ్దం బయటికి రాకూడదు.

అసోసియేషన్‌లో సెక్రటరీ ఒకటి చెబితే మూడో ఫ్లోర్ పెద్దాయన 100కి ఫోన్ చేస్తాడు. పోలీసులు వచ్చి సామాను తీసుకెళ్తే అది డీజే వాడిది, డీజే వాడు నీ మనిషి. అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్ ఎక్కి ఇళ్లకు పోతారు.

నీకు డబ్బు అవసరం కాబట్టి పూర్తిగా వదులుకోవద్దు. ఇలా చెప్పి చూడు: ఎనిమిదింటి నుంచి పదింటి దాకా లాన్‌లో పిల్లల ఆటలు, తంబోలా, పాటలు. పదయ్యాక క్లబ్‌హౌస్ లోపల తలుపులేసి చిన్న స్పీకర్. పన్నెండుకు కేకు. ఒప్పుకుంటే చెయ్యి. ఒంటి గంట డీజేనే కావాలంటే రిసార్ట్ వాళ్ల నంబరిచ్చి దండం పెట్టేయ్. ఇక్కడ సిటీలో 31కి పోలీసుల నోటీసులు ముందే వస్తాయి, కెమెరాలు, సెక్యూరిటీ, పార్కింగ్ అన్నీ నిర్వాహకుల మెడకే. ఆ రాత్రి నేను పని పెట్టుకోను. ఇంట్లో కేకు కూడా మా అమ్మాయే కోస్తుంది, నేను పదికే పడుకుంటా.

డ్రైవర్ సంగతి చదివి నవ్వొచ్చింది. అతనికి ఆ రాత్రి పడుకోవడమే డ్యూటీ అని కూలి చీటీలో రాసెయ్యి, అప్పుడు మొహమాటపడడు.

---

బెజవాడ_పందిరి
9 డిసెంబరు, రాత్రి 8:45

క్లబ్‌హౌస్ ప్లాన్‌కి సెక్రటరీగారు ఒప్పుకున్నారు. తంబోలాకి నంబర్లు ఆయనే పిలుస్తారట, అదొక షరతు. ఆయన గొంతు మైకు లేకుండానే మూడో ఫ్లోర్‌కి వినిపిస్తుంది, అది నా చేతుల్లో లేదు.

బాబాయ్ గారూ, 14న ఓపెన్ గ్రౌండ్‌లో పెళ్లి ఉంది. తెల్ల చామంతి 60 కిలోలు, లిల్లీ 15 కావాలి. మీ దగ్గర్నుంచి బెజవాడకి బండి వస్తుందా?

---

కడియం_పూలబాబాయ్
9 డిసెంబరు, రాత్రి 10:20

వస్తుందమ్మా. ఏలూరు దాకా మన బండి రోజూ వెళ్తుంది, 13 రాత్రి బెజవాడ దాకా పంపుతా. తెల్లవారుజామున మూడింటికి దిగుతాయి. తెలుపు ఒక్కటే 60 ఎందుకు, 40 తెలుపు, 20 పసుపు తీసుకో, నీకు కిలో మీద తగ్గుతుంది. లిల్లీ 15 సరిపోతాయి. గోనెలు విప్పే మనిషి పేరు, నంబరు ముందే పంపు, మా వాడు అతనికే ఫోన్ చేస్తాడు.